చెయ్యి ఊపితే చాలదా? తెరలు, కీబోర్డుల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల కొత్త రకం తెరల గురించి, కీబోర్డు లేకుండా కంప్యూటర్ నడిపే పద్ధతుల గురించి ఒక చిన్న వ్యాసం వేశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో "ఇది కొనొచ్చా", "ఇది వస్తే నా పని పోతుందా" అనే రెండు ప్రశ్నలే ఎక్కువ. కొన్నిటికి ఇక్కడ జవాబులు. పేర్లు వెయ్యొద్దని కొందరు అడిగారు కాబట్టి అందరివీ ఊరు, చేసే పని మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో టైప్ చేస్తున్నాను. ఇప్పుడు కుర్రాళ్ళు ఫోన్‌లో మాట్లాడి పేజీలు దించేస్తున్నారు. మా ఓనర్ కూడా "మైకు కొనిస్తా, నోటితో కొట్టు" అంటున్నాడు. కీబోర్డుకి కాలం చెల్లినట్టేనా?
డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జవాబు: మీ ఓనర్‌ని ఒక్క పూట ఆ మైకు ముందు కూర్చోబెట్టి పెళ్ళిపత్రిక చెప్పించండి. గోత్రాలు, ఇంటిపేర్లు, చిన్న ఊళ్ళ పేర్లు వచ్చేసరికి ఆయనే కీబోర్డు మీ ముందుకు జరుపుతాడు. అలాగని నోటి టైపింగ్‌ని తీసిపారెయ్యడానికి లేదు. గూగుల్ 2017 ఆగస్టులో తెలుగుతో కలిపి ఎనిమిది భారతీయ భాషలకు దాన్ని ఇచ్చింది, అప్పటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. మామూలు వాడుక తెలుగులో ఉన్న వ్యాసాన్ని నిదానంగా చదివితే వాక్యాలు బాగానే పడతాయి.

చిక్కు ఎక్కడంటే, వేలు జారితే అర్థం లేని అక్షరం పడుతుంది, ప్రూఫ్ చూసేవాడి కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది. యంత్రం తప్పు వింటే మాత్రం అర్థమున్న వేరే మాట పడుతుంది. "ఆయన కల నెరవేరింది" అని మీరు చెబితే "ఆయన కళ నెరవేరింది" అని వస్తుంది, చూడ్డానికి అన్నీ సరైన అక్షరాలే, ప్రూఫ్ రీడర్ దాటేసి వెళ్ళిపోతాడు. కాబట్టి టైపింగ్‌లో మిగిలిన టైమంతా దిద్దుబాటులో పోతుంది, పైగా దిద్దడానికి మళ్ళీ కీబోర్డే కావాలి. ఇంకోటి, పక్కన ఇద్దరు మాట్లాడుతుంటే, వెనక ప్రింటింగ్ మెషీన్ తిరుగుతుంటే దానికి చెవులు పనిచెయ్యవు. పరీక్ష పేపర్లు కొట్టే షాపులో ప్రశ్నలన్నీ గట్టిగా చదివి టైప్ చేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నన్నడిగితే మీరు టెన్షన్ పడాల్సింది మైకు గురించి కాదు, ఆ పాత ఫాంట్ల గురించి. వాటిలో మీరు కొట్టిన తెలుగు తెరమీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. అందుకే ఆ ఫైల్‌ని వెతికితే ఏ మాటా దొరకదు, ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి. నోటితో చెప్పింది, ఫోన్‌లో కొట్టింది అంతా యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలో వస్తుంది, దాన్ని మీ ఫాంట్‌లోకి మార్చే కన్వర్టర్ల దగ్గర ఒత్తులు ఎలా చెదిరిపోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. ప్రభుత్వం 1980లలోనే ప్రామాణికం చేసిన లేఅవుట్ అది. 'క్ష' కావాలంటే కె మీట క, డి మీట పొల్లు, షిఫ్ట్ పట్టుకుని కామా మీట ష, అంతే. అవే మీటలు హిందీలోనూ క, పొల్లు, ష ఇస్తాయి, అంటే ఇంకో భాష పని వచ్చినా వేళ్ళకి కొత్త కాదు. మొదట్లో మీ స్పీడు సగానికి పడిపోతుంది, ఓనర్‌కి ముందే చెప్పి మొదలుపెట్టండి.

ప్రశ్న: 55 అంగుళాల టీవీ కొందామని వెళ్తే క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ, మైక్రో ఎల్ఈడీ అని తల తిప్పేశారు. మా మామయ్యగారు పొద్దున లేచిన దగ్గర్నుంచి న్యూస్ చానలే. మా అబ్బాయేమో దాన్నే కంప్యూటర్‌కి తగిలిస్తానంటున్నాడు. ఏది తీసుకోవాలి?
గృహిణి, కరీంనగర్

జవాబు: మీ ఇంట్లో టీవీని ఎంపిక చెయ్యాల్సింది మామయ్యగారే. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది, నలుపు కావాలంటే ఆ చుక్క పూర్తిగా ఆరిపోతుంది. అందుకే రాత్రి సీన్లలో దాన్ని కొట్టే తెర లేదు. కానీ ఆ చుక్కల్లో ఉన్నది సేంద్రియ పదార్థం, వెలిగే కొద్దీ అరుగుతుంది, అందులోనూ నీలం అన్నిటికంటే ముందు అరుగుతుంది. న్యూస్ చానల్లో మూలన లోగో, కింద ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలు రోజూ పది గంటలు ఒకేచోట ఉంటాయి కదా, అక్కడి చుక్కలు మిగతావాటికంటే త్వరగా మందగిస్తాయి. ఏడాదో రెండేళ్ళో పోయాక క్రికెట్ పెడితే పచ్చటి గ్రౌండ్ మీద ఆ పట్టీ నీడలా కనిపించవచ్చు. దీన్నే బర్న్ ఇన్ అంటారు. కంపెనీలు బొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ, లోగో ఉన్నచోట వెలుగు తగ్గిస్తూ జాగ్రత్తలు పెట్టాయి, అయినా గ్యారంటీ కాగితంలో ఈ మాట ఉందో లేదో చదివి కొనండి. మీ అబ్బాయి కంప్యూటర్ పెడితే కింద టాస్క్‌బార్ కూడా ఆ పట్టీకి తోడవుతుంది.

క్యూఎల్ఈడీ అంటే పేరు కొత్తదే గానీ అది మామూలు ఎల్‌సీడీయే, వెనక లైటు ఉంటుంది, మధ్యలో క్వాంటమ్ డాట్స్ అనే అతి సూక్ష్మ రేణువుల పొర వేసి రంగుల్ని శుభ్రం చేస్తారు. ఆ రేణువుల మీద పనికే 2023లో బవెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకి రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మినీ ఎల్ఈడీ కూడా ఎల్‌సీడీయే, కాకపోతే వెనక లైటుని వందల భాగాలుగా విడగొట్టి, నలుపున్నచోట ఆర్పేస్తారు. నల్లటి తెర మీద తెల్లక్షరాలు వస్తే చుట్టూ కాస్త వెలుగు చిమ్ముతుంది, అంతకుమించి పెద్ద లోపం లేదు.

ఇక మైక్రో ఎల్ఈడీ. ఇది నిజంగా కొత్తది, చుక్క చుక్కకీ అరగని అసలు సిసలు ఎల్ఈడీ. శాంసంగ్ 2018లో లాస్‌వేగాస్‌లో 146 అంగుళాల గోడంత తెర చూపించింది. అప్పట్నుంచి ఇళ్ళలోకి ఎందుకు రాలేదో ఈ లెక్క చూడండి. 4కె తెరకి సుమారు 83 లక్షల చుక్కలు, ఒక్కో చుక్కకీ ఎరుపు, పచ్చ, నీలం మూడేసి, మొత్తం దాదాపు రెండున్నర కోట్ల ఎల్ఈడీలు ఒక్కోటీ దాని చోట కూర్చోవాలి. పదివేలకొకటి పక్కకి పడ్డా 2,500 చచ్చిన చుక్కలు కనపడతాయి, అలాంటి టీవీని ఎవరూ కొనరు. ఆపిల్ గడియారం కోసం ఏళ్ళపాటు చేసిన మైక్రో ఎల్ఈడీ ప్రాజెక్టు కూడా 2024లో ఆగిపోయింది. కాబట్టి 55 అంగుళాలు, లక్ష రూపాయలు, మైక్రో ఎల్ఈడీ అని షాపులో ఎవరైనా అంటే అది మినీ ఎల్ఈడీయే అయ్యుంటుంది.

మీకు మినీ ఎల్ఈడీ సరిపోతుంది. కొనేముందు షాపువాణ్ణి డెమో మోడ్ తీసి హోమ్ మోడ్ పెట్టమనండి, పెన్‌డ్రైవ్‌లో మీకు నచ్చిన సినిమాలో చివరి టైటిల్స్ ముక్క తీసుకెళ్ళి వెయ్యమనండి. నలుపు మీద తెలుపు చూస్తే టీవీ సంగతి సగం తెలిసిపోతుంది.

ప్రశ్న: శుక్లాల ఆపరేషన్ అయింది. ఫోన్‌లో గంట చదివితే కళ్ళు మండుతున్నాయి. కాగితంలాంటి తెర ఉన్న రీడర్ కొనమని మా మనవడు అంటున్నాడు. నీలి కాంతి ఆపే కళ్ళజోడు చాలని కళ్ళజోళ్ళ షాపు ఆయన అంటున్నాడు. నా దగ్గర పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు చాలా ఉన్నాయి.
రిటైర్డ్ తెలుగు మాస్టారు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, మంట తగ్గకపోతే ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే చూపించండి. తెర చూసేటప్పుడు మనం రెప్ప వెయ్యడం తగ్గిపోతుంది, కన్ను ఎండిపోయి మండుతుంది, చాలామందికి కారణం అదే. నీలి కాంతి కళ్ళజోడు సంగతైతే, 2023లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్షలో 17 పరిశోధనల్ని కలిపి చూశారు, మామూలు అద్దాలతో పోలిస్తే కళ్ళ అలసట తగ్గినట్టు తేలలేదు. ఆ డబ్బు మనవడు చెప్పిన దాంట్లో పెట్టండి.

ఆ కాగితంలాంటి తెరని ఈ-ఇంక్ అంటారు, అది తనంతట తాను వెలగదు. కాగితం లాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది, అంతగా కావాలంటే పక్కల నుంచి పడే చిన్న లైటు ఉంటుంది. లోపల కంటికి ఆనని బుడగలు, ఒక్కో బుడగలో తెల్ల రేణువులు, నల్ల రేణువులు, వాటికి విద్యుదావేశాలు వేరు. కింద నుంచి కరెంటు ఇచ్చిన తీరును బట్టి తెల్లవి పైకి వస్తే తెలుపు, నల్లవి వస్తే నలుపు. ఒకసారి పైకొచ్చినవి కరెంటు తీసేసినా అక్కడే ఉంటాయి, అందుకే ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన ఆలోచన ఇది, 1997లో కంపెనీ పెట్టారు, 2004లో సోనీ జపాన్‌లో తొలి రీడర్ అమ్మింది, 2007లో కిండిల్ వచ్చాక లోకానికి తెలిసింది.

దీనికున్న లోపం నెమ్మది. రేణువులు కదలాలి కదా, పేజీ తిప్పితే ఒకసారి నల్లగా మెరిసి మారుతుంది, వెనకటి పేజీ మరకలా కాస్త మిగులుతుంది కూడా. వాట్సాప్ చూడాలనుకుంటే విసుగొస్తుంది. రంగుల మోడల్ జోలికి వెళ్ళకండి. మామూలుగా వాడే రంగుల రకంలో తెర మీద రంగు అద్దాల పొర వేస్తారు, దాంతో నలుపు తెలుపులో అంగుళానికి 300 చుక్కలున్నది రంగులో 150కి పడుతుంది, తెర కూడా కాస్త మసకబారుతుంది.

మీకు అసలు ముఖ్యం సైజు. స్కాన్ చేసిన పుస్తకం అంటే పేజీ ఫోటో, అక్షరాలు పెంచితే పేజీ పక్కకి పోతుంది. ఆరంగుళాల రీడర్లో డెమీ సైజు పేజీ పడితే వట్రుసుడి, రావత్తు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. పదంగుళాలది ఖరీదెక్కువే, కానీ మీ స్కాన్‌లకి అంతకంటే చిన్నది దండగ. షాపులో దొరికితే మీ పుస్తకమే ఒకటి ఎక్కించి, కళ్ళజోడు పెట్టుకుని చూసి కొనండి.

ప్రశ్న: ఇంట్లో జాగా లేదు. రెండు మానిటర్లు తీసేసి తలకి పెట్టుకునే హెడ్‌సెట్‌తో ఆఫీసు పని చేసుకోవచ్చా? డాలస్ నుంచి హైదరాబాద్ విమానంలో కూడా పనికొస్తుందని ఆశ.
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: విమానంలో సినిమాకి సరే, ఎనిమిది గంటల కోడింగ్‌కి ఇంకా కాదు. ఈ లెక్కొకటి చూడండి. మంచి కన్ను ఒక డిగ్రీ కోణంలో 60 చుక్కల దాకా విడివిడిగా చూడగలదు. 27 అంగుళాల 4కె మానిటర్‌ని రెండడుగుల దూరంలో పెట్టుకుంటే డిగ్రీకి సుమారు 68 పడతాయి. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో 3,499 డాలర్లకి వచ్చిన ఆపిల్ విజన్ ప్రో హెడ్‌సెట్‌లో, రెండు కళ్ళకీ కలిపి 2 కోట్ల 30 లక్షల చుక్కలున్నా, అవి చూపు మొత్తాన్ని కప్పాలి కాబట్టి డిగ్రీకి 34 ప్రాంతంలోనే వస్తాయి. అంటే చిన్న అక్షరాల దగ్గర మీ పాత మానిటరే నయం. పైగా ఆ మోడల్ బరువు 600 గ్రాములు దాటి, అదంతా ముక్కు, బుగ్గల మీద.

కళ్ళ సంగతి ఇంకోటుంది. దగ్గరి వస్తువుని చూస్తే రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, కంటి కటకం కూడా ఆ దూరానికే సర్దుకుంటుంది, రెండూ కలిసి జరిగే పని. హెడ్‌సెట్‌లో కళ్ళు తిరిగే దూరం మారుతుంది గానీ కటకం సర్దుకోవాల్సిన దూరం ఎప్పుడూ ఒకటే. కొందరికి తలనొప్పి, వికారం ఇందువల్లే.

ఇన్‌పుట్ మాత్రం విజన్ ప్రోలో చాలా తెలివిగా చేశారు. ఏది చూస్తే అది ఎంపిక, వేళ్ళు రెండు కలిపితే క్లిక్. వేళ్ళు ఎందుకు పెట్టారంటే, కన్ను ఉన్నది చూడ్డానికి, అది ఊరికే అటూ ఇటూ పోతూనే ఉంటుంది. చూపు పడ్డ ప్రతి బటనూ నొక్కుకుపోతే భస్మాసురుడి చెయ్యి లాగా అయిపోతుంది, ఈమెయిల్ చదివేలోపు డిలీట్ అవుతుంది. అందుకే చూపుది ఒక పని, వేళ్ళది ఒక పని. అయినా టైపింగ్‌కి పక్కన బ్లూటూత్ కీబోర్డు తప్పదు. విమానం కోసమైతే 80 గ్రాముల చుట్టూ బరువుండే, యూఎస్‌బీ-సి వైరుతో లాప్‌టాప్‌కి తగిలించే కళ్ళజోళ్ళు చూడండి, తెర మామూలు ఫుల్ హెచ్‌డీ అంతే ఉంటుంది, మెడ మాత్రం బతుకుతుంది.

ప్రశ్న: చేతులు గాల్లో ఊపితే టీవీలు, కంప్యూటర్లు పనిచేస్తాయని పదేళ్ళ కింద తెగ చెప్పారు. ఏమైపోయింది?
కాలేజీ లెక్చరర్, వరంగల్

జవాబు: చేతులు నొప్పెట్టాయండి, అంతే. ఒంటి కదలికల్ని కెమెరాతో పట్టే మైక్రోసాఫ్ట్ ఆట పరికరం కైనెక్ట్ 2010 నవంబర్లో వస్తే మొదటి 60 రోజుల్లోనే 80 లక్షలు అమ్ముడైంది, 2017లో తయారీ ఆపేశారు. ఆటకి బాగుంది, కానీ దాని ముందు ఆరడుగులు ఖాళీ ఉండాలి, మన హాల్లో సోఫా, టీపాయ్ పోగా ఎక్కడ? చెయ్యి ఎత్తి పట్టుకుని పనిచేస్తే కొద్దిసేపటికే భుజం లాగుతుంది, నిలువు టచ్ తెరల కాలం నుంచే ఇంజనీర్లు దీన్ని గొరిల్లా చెయ్యి అంటారు. పైగా యంత్రానికి, మీరు దాన్ని పిలిచారో, పక్కవాళ్ళకి టాటా చెప్పారో తెలియదు. 2019లో గూగుల్ పిక్సెల్ 4లో చేతి కదలికని పట్టే చిన్న రాడార్ పెట్టింది, అది 60 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది, మన దేశంలో ఆ బ్యాండ్‌కి అనుమతి లేక ఆ ఫోనే ఇక్కడికి రాలేదు. మరుసటి ఏడాది పిక్సెల్ 5లో రాడార్‌నే తీసేశారు.

ఇప్పుడు అదే ఆలోచన మణికట్టు దగ్గరికి వచ్చి ఆగింది. 2025లో మెటా 799 డాలర్లకి తెరున్న కళ్ళజోడు తెచ్చి, దాంతో ఒక పట్టీ ఇచ్చింది, అది మణికట్టు కండరాల్లోని విద్యుత్ సంకేతాల్ని చదువుతుంది. చెయ్యి ఎత్తక్కర్లేదు, జేబులో పెట్టుకునే వేలు కదపొచ్చు. ఇదే రకం పట్టీ మీద అదే ఏడాది నేచర్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళు కలిపి రాస్తే నిమిషానికి 20.9 ఇంగ్లీషు మాటలు పడ్డాయి. కీబోర్డుకి పోటీ కాదు గానీ, మెట్రోలో నిలబడి "వస్తున్నా" అని కొట్టడానికి పనికొస్తుంది. నాకైతే ఇన్నేళ్ళలో చూసిన వాటిలో దీని మీదే నమ్మకం.

ప్రశ్న: యాక్సిడెంట్లో మా తమ్ముడికి మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. చేతులు, కాళ్ళు కదలవు. మాట, తల బాగానే ఉన్నాయి. మెదడులో చిప్ పెడితే కంప్యూటర్ వాడొచ్చని వీడియోలో చూశాం. ఎక్కడ పెడతారు, ఎంతవుతుంది?
ఒక అక్క, అనంతపురం

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఇది డబ్బు కట్టి చేయించుకునే వైద్యం ఇంకా కాలేదు. మనుషుల మీద జరుగుతున్నవి ప్రయోగాలు. ఎవరైనా అడ్వాన్స్ కట్టమంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

వీడియోలో చూసింది మాత్రం అబద్ధం కాదు. 2004లోనే అమెరికాలో మాథ్యూ నేగల్ అనే ఆయన, మెదడులో పెట్టిన 96 ఎలక్ట్రోడ్ల చిన్న బిళ్ళతో కర్సర్ కదిపాడు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు, చేత్తో రాస్తున్నట్టు ఊహించుకుంటే చాలు నిమిషానికి 90 అక్షరాలు తెరమీద పడేలా చేశారు. న్యూరాలింక్ అనే అమెరికా కంపెనీ 2024 జనవరిలో మొదటి మనిషికి 1,024 ఎలక్ట్రోడ్లున్న చిప్ పెట్టింది, కొన్ని వారాల్లో దాని సన్నని తీగలు చాలావరకు మెదడులోంచి జారి వెనక్కి వచ్చాయి, సాఫ్ట్‌వేర్ మార్చి మళ్ళీ పనిచేయించారు. మెదడు మెత్తటిది, ఊపిరికీ గుండెకీ కదులుతూ ఉంటుంది, అందులో తీగ ఏళ్ళ తరబడి నిలవడమే ఇప్పుడున్న పెద్ద సమస్య.

మీ తమ్ముడికి తల, మాట ఉన్నాయి అన్నారు కదా, అయితే ఆపరేషన్ దాకా వెళ్ళక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో స్విచ్ యాక్సెస్ ఉంటుంది, అందులో కెమెరా స్విచ్ ఆన్ చేస్తే ముఖమే బటన్. నవ్వడం, కనుబొమ్మలు ఎత్తడం, నోరు తెరవడం, ఎడమకి, కుడికి, పైకి చూడ్డం, ఈ ఆరింటిలో ఏది దేనికో మీరే పెట్టుకోవచ్చు. ఐఫోన్ 12 నుంచి పై మోడల్ ఉంటే ఐఓఎస్ 18తో కంటిచూపుతో నడిపే సౌకర్యం వచ్చింది. లాప్‌టాప్ ఉంటే బోస్టన్ కాలేజీ వాళ్ళ కెమెరా మౌస్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి, ముక్కు కొసని గుర్తు పెట్టుకుని తల ఎటు తిప్పితే బాణం అటు వెళ్తుంది, కాసేపు ఒకచోట ఆపితే క్లిక్ అవుతుంది. మెసేజ్‌లకి తెలుగు వాయిస్ టైపింగ్ ఎలాగూ ఉంది.

ఇవి పనిచెయ్యక వదిలేసేవాళ్ళు చాలామంది స్టాండు దగ్గర ఓడిపోతారు. ఫోన్ చేత్తో పట్టుకోకండి, మంచానికి బిగించే గట్టి స్టాండుతో సరిగ్గా ముఖానికి ఎదురుగా, మూరెడు దూరంలో పెట్టండి. కిటికీ అతని వెనక ఉంటే కెమెరాకి ముఖం నల్లగా కనిపిస్తుంది, వెలుతురు ముందు నుంచి పడాలి. మొదట పది నిమిషాల కంటే ఎక్కువ చేయించకండి, మెడ అలసిపోతే విసుగొచ్చి మళ్ళీ ముట్టుకోడు. ఏ కదలిక ఇబ్బంది లేకుండా వస్తుందో, మెడ మీద ఎంత భారం పడొచ్చో అతని ఫిజియోథెరపిస్టుని అడిగి అప్పుడు సెట్ చెయ్యండి.

ప్రశ్న: తెలుగు అక్షరం ఒకటి పంపితే ఐఫోన్ ఆగిపోతుందట. నిజమేనా?
పదో తరగతి విద్యార్థి, నల్గొండ

జవాబు: ఇప్పుడు ఆగదు నాయనా, ప్రయత్నించకు. 2018 ఫిబ్రవరిలో మాత్రం నిజంగానే ఆగింది. 'జ్ఞా' రాయడంలో జ, పొల్లు, ఞ తర్వాత కనపడని ఒక గుర్తు చేరి, ఆపైన దీర్ఘం వస్తే, ఆ దీర్ఘాన్ని ఎక్కడ అతికించాలో ఐఓఎస్ 11.2.5కి తెలియక యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మళ్ళీ మళ్ళీ మొదలయ్యేది. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సరిచేశారు. కొత్త తెర అనగానే అందరూ చుక్కలు లెక్కపెడతారు గానీ, మనకి మాత్రం ఒత్తు ఉండాల్సిన చోట ఉందా అన్నదే ముందు చూసుకోవాలి.

ప్రశ్న: మడత ఫోన్ మధ్యలో గీత పడుతుందంటున్నారు, కొనొచ్చా?
మెడికల్ షాపు యజమాని, ఒంగోలు

జవాబు: గీత ప్రతి ఏడాదీ తగ్గుతోంది, పూర్తిగా పోలేదు. 2019లో శాంసంగ్ మొదటి మడత ఫోన్ ఏప్రిల్‌లో రావాల్సింది సెప్టెంబర్‌కి పోయింది, పరీక్షకి ఇచ్చిన ఫోన్లలో కొన్ని రోజుల్లోనే పాడవడమే కారణం. కొందరు పై పొరని స్క్రీన్‌గార్డ్ అనుకుని పీకేశారు, కొన్నిట్లో కీలు సందులోంచి చెత్త దూరింది. 2020లో సుమారు 30 మైక్రాన్ల పల్చటి గాజు వాడటం మొదలుపెట్టారు, అయినా దాని పైన ప్లాస్టిక్ పొర ఉండి తీరాలి. మరమ్మతు ఖర్చు ముందే కనుక్కుని, భరించగలిగితేనే కొనండి. కొన్నాక టెంపర్డ్ గ్లాస్ వేసే కుర్రాడు ఆ పొర తియ్యబోతే వెంటనే చెయ్యి పట్టుకోండి.